కొనేది ఒక్క లెన్సే

నౌపడ,
అక్టోబరు నెలాఖరు

బావా,

మొన్న నీ ఫోను వచ్చింది గానీ, "ఎలాగున్నావు" అనేలోపే నీ వెనక వరసలో ఉన్నవాళ్ళు గొడవ మొదలెట్టారు. ఆ మంచుకొండ మీద మన సెల్‌ఫోన్లు పనికిరావంటే, ఉన్న ఒక్క ఫోనునీ అంతమంది జవాన్లూ పంచుకోవాలంటే, ఇంక మనకి ఉత్తరాలే గతి. మీ అమ్మ నవ్వుతోంది. "పెళ్ళయి ఇన్నేళ్ళకి మొగుడికి ప్రేమలేకలేటే?" అంది. ప్రేమలేఖ కాదత్తా, లెన్సు గురించి అన్నాను. "లెన్సేటి? ఆడికి కళ్ళజోడొచ్చిందా?" అని కంగారుపడిపోయింది.

నువ్వు సెలవులో కొని నా చేతిలో పెట్టి వెళ్ళిన మిర్రర్‌లెస్ కెమెరా బాగానే ఉంది. దాంతో వచ్చిన చిన్న జూమ్ లెన్సుతో చేయగలిగిందంతా చేసేశాను. పగలు, ఆరుబయట, దానికి తిరుగులేదు. గడప దాటి లోపలికొస్తే మాత్రం గుడ్డిది. పక్కవీధి బారసాలలో బాలింతను గదిలో తీశాను. వెలుతురు చాలక ఐఎస్ఓ పెంచితే మొహం నిండా ఇసక చల్లినట్టు వచ్చింది. పెంచకపోతే పసిబిడ్డ చెయ్యి కదిలి మసకబారిపోయింది.

ముప్పై అయిదు ఎంఎం ప్రైమ్ లెన్సు ఒకటుంది, ఒకటి పాయింట్ నాలుగు అపెర్చరు, వెలుతురు దూరే కన్ను పెద్దది. జూమ్ ఉండదు, మనమే ముందుకీ వెనక్కీ నడవాలి. కానీ చిన్న కిటికీ తెరిచి ఉంటే చాలు, ఆ వెలుతురులో పని జరిగిపోతుంది. ఈ ఏడు మనం కొనగలిగేది ఒక్క లెన్సే కదా. నువ్వేమంటావు?

యమున

*

కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
నవంబరు

యమునా,

నీ ఉత్తరం చేరేసరికి ఇక్కడ హెలిపాడ్ మీద మోకాలిలోతు మంచు. చదువుతుంటే నౌపడ ఉప్పుగాలి మొహానికి తగిలినట్టయింది.

ముప్పై అయిదు వద్దు. నేను వచ్చే ముందే చెప్పాను కదా, వంద–నాలుగువందల జూమ్ కొనాలని. మన కెమెరా సెన్సరు చిన్నది కాబట్టి ఆ నాలుగువందలు ఆరువందల పెట్టు. తేలినీలాపురం చింతచెట్ల మీద గూడబాతు పిల్లకి మేత పెడుతుంటే, దాని గొంతు సంచిలో చేప తోక కూడా కనబడుతుంది. కెమెరా బాడీ నాలుగేళ్ళకి పాతబడిపోతుంది. లెన్సు అలా కాదు, జీవితాంతం ఉంటుంది. పింఛను తీసుకుని వచ్చాక నేను చేసేది అదొక్కటే. ముక్కాలిపీట వేసుకుని ఆ పక్షుల ఎదురుగా కూర్చుంటాను.

ఇక్కడా నా పని చూడటమే. మా కాపలా పోస్టులో దూరాన్ని చూసే పెద్ద స్కోపు ఉంది. అవతలి కొండా, మధ్య లోయా, మనవాళ్ళు నడిచే దారీ. పొద్దున్నుంచీ కన్ను దానికే అతికించి ఉంటాను. నిద్ర పట్టడం లేదు. కన్ను మూసినా ఆ గుండ్రటి గాజులోనే ఏదో కదులుతున్నట్టుంటుంది. పక్షుల్ని చూస్తే పోతుందేమో.

కొనేముందు టెక్కలిలో తిరుమలరావు స్టూడియోలో అద్దెకి దొరుకుతుందేమో అడుగు. రబ్బరు సీలున్నదే తీసుకో, మన ఉప్పుగాలికి సీలు లేని లెన్సులో బూజు పట్టేస్తుంది. అమ్మని మోకాలికి నూనె రాసుకోమను.

త్రినాథ్

*

నౌపడ,
నవంబరు చివర

బావా,

"ముప్పై అయిదు వద్దు" అని ఎంత తేలిగ్గా రాసేశావు! నేను అడిగింది నువ్వేమంటావని. నువ్వేమో ఆర్డరు వేశావు.

నీకు చెప్పని మాట ఒకటుంది. తిరుమలరావు గారి స్టూడియోని నేను అడగక్కర్లేదు. వినాయకచవితి తర్వాత నుంచి అక్కడే పనిచేస్తున్నాను. ఆయన పెళ్ళిళ్ళకి మగవాళ్ళనే పంపేవారు. పెళ్ళికూతురు ముస్తాబయ్యే గదిలోకీ, సీమంతానికీ, పెద్దమనిషి అయిన పిల్ల దగ్గరికీ వాళ్ళు వెళితే ఆడవాళ్ళు బిగుసుకుపోతారు. నేను వెళితే ఎవరూ పైట సర్దుకోరు. నవ్వుతూనే ఉంటారు. నా లెన్సు వాళ్ళకి మూరెడు దూరంలో ఉంటుంది. నాకు ఆ మూరెడే కావాలి.

అత్తకి తెలుసు. మొదటిరోజు బస్సెక్కించిందీ తనే. నీకు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు కాదంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. కానీ ఇంట్లో కూర్చుంటే కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. గూడబాతులు నీకోసం, నీ పింఛనుదాకా, రెండేళ్ళు ఆగవా? ఆ పెళ్ళికూతుళ్ళు ఆగరు.

యమున

*

కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
డిసెంబరు

యమునా,

ఊరందరికీ తెలిసిన సంగతి నాకొక్కడికీ తెలియదన్నమాట. రెండు రోజులు నీకు రాయబుద్ధి కాలేదు. పని చేసినందుకు కాదు నా కోపం. నేను కాదంటానని ముందే రాసిపెట్టుకున్నావు చూడు, అందుకు.

నరేష్ గురించి నీకెప్పుడూ రాయలేదు కదూ. గజపతినగరం కుర్రాడు, ఈ పోస్టులో నాతో మన యాసలో మాట్లాడేవాడు అతనొక్కడే. నీ ఉత్తరం సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. "అన్నా, వదిన ఫొటోలు తీస్తాదంటే నీకు కడుపుమంటేటి? నా పెళ్ళికి వదినే తియ్యాల. అప్పుడు నీ నాలుగువందల గొట్టం ఏటి సేసుకుంటాను, పెళ్ళికూతుర్ని పక్కూర్నించి తీయిస్తానా?" అన్నాడు. వాడి మాటకి కాసేపు కోపం నిలవలేదు.

న్యాయంగా చేద్దాం. అద్దెకి పెద్ద లెన్సు తెచ్చి పక్షుల దగ్గరికీ సముద్రం దగ్గరికీ తీసుకెళ్ళు. ఒక్కసారి చూడు. ఆ తర్వాత కూడా వద్దంటే నీ ఇష్టం.

త్రినాథ్

*

నౌపడ,
జనవరి మొదలు

బావా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తిరుమలరావు గారు పెద్ద లెన్సు ఇచ్చారు. చంకలో పెట్టుకుంటే పసిబిడ్డంత బరువు. పొద్దున్న తేలినీలాపురంలో పక్షుల్ని తీశాను, నువ్వన్నది నిజమే, చేప తోక కనబడింది. మధ్యాహ్నం భావనపాడు వెళ్ళాను. ఎండ నా వెనక నుంచి సముద్రం మీద పడుతోంది. ఇసకదిబ్బ ఎక్కి నీటికాకుల్ని తీస్తున్నాను. దూరంగా నల్లగా ఏదో తేలుతోంది. పక్కన ఎండుచేపలు తిరగేస్తున్న ఒకామెని అడిగాను.

"దుంగమ్మా. ఒడిస్సా నుంచి కొట్టుకొస్తాయి" అంది.

లెన్సు నాలుగువందలకి తిప్పాను. దుంగ కాదు. బోర్లాపడిన తెప్ప. దాన్ని పట్టుకుని మూడు తలలు. ఒకడు ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు.

పాక నీడలో వలలు కుట్టుకుంటున్న మగవాళ్ళ దగ్గరికి పరిగెత్తాను. "ఏటమ్మా, ఏటి కూత?" అన్నారు. తీసిన ఫొటోని కెమెరా తెర మీద పెద్దది చేసి చూపించాను. ఒకాయన కెమెరా లాక్కుని చూశాడు. "ఒరే, నూకయ్యోల తెప్పరా! తువ్వాలు నూకయ్యది!" అని అరిచాడు. క్షణంలో రెండు పడవలు నీళ్ళలోకి తోసేశారు. అలల మీద నుంచి వాళ్ళకి తెప్ప కనిపించదు కదా, అందుకని ఒక ముసలాయన నన్ను మళ్ళీ దిబ్బ ఎక్కించాడు. "నువ్వు కన్ను తియ్యకు. ఎటేపో సెప్పు" అన్నాడు. నేను చెబుతుంటే ఆయన కర్రకి చీర కట్టి పడవల వాళ్ళకి సైగ చేశాడు.

కన్ను తీయలేదు బావా. అదొక్కటే చేతనైంది నాకు.

నూకయ్య, అతని తమ్ముడు అసిరయ్య, వాళ్ళ బావ రాముడు. పేర్లు తర్వాత తెలిశాయి. అసిరయ్యకి పట్టు జారిపోతోంది. రాముడు వెనక నుంచి అతన్ని భుజంతో ఎత్తి తెప్ప మీదకి తోశాడు. తన చేతికి చుట్టుకున్న తాడు విప్పి అతని చేతికి చుట్టాడు. తర్వాత పెద్ద అల వచ్చింది. అల దిగాక తలలు రెండే ఉన్నాయి. పడవలు ఇంకా చేరలేదు.

నేను దిబ్బ మీద ఉన్నాను. అతని చెవికున్న పోగు కూడా కనబడింది నాకు. చెయ్యి చాపితే అందేలా ఉన్నాడు. అరిచినా వినబడనంత దూరంలో ఉన్నాడు.

ఇద్దరిని తెచ్చారు. రాముడు మర్నాడు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర దొరికాడు.

ఇంటికొచ్చి ఫొటోలు చూస్తే తెలిసింది, ఆ సేపంతా నా వేలు బటన్ మీదే ఉండిపోయిందని. తాడు చుట్టడం, అల, అన్నీ వరసగా పడ్డాయి. విలేకరి ఒకడు ఇంటికే వచ్చాడు ఆ ఫొటోల కోసం. లేవన్నాను. అత్తకి కూడా చూపించలేదు. ఏం చేయాలి వీటిని? చెరిపేద్దామని వేలు పెడతాను, చెరపలేను. నువ్వు తొందరగా రాయి.

యమున

*

కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
జనవరి

యమునా,

నీ దగ్గర నుంచి ఈమధ్య ఉత్తరం లేదు. దారి మూసుకుపోయింది, టపా కింద క్యాంపులోనే ఆగిపోయిందంటున్నారు.

లెన్సు గురించి ఒక్కమాట రాయాలని కూర్చున్నాను. నీకు నచ్చింది కొనుక్కో. పెద్దది మాత్రం కొనకు. అద్దెకి తెచ్చి ఉంటే తిరిగి ఇచ్చేయి. కారణం అడగొద్దు.

నేను బాగానే ఉన్నాను. అన్నం తింటున్నాను.

త్రినాథ్

*

నౌపడ,
ఫిబ్రవరి మొదలు

బావా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్ళిపోయినట్టున్నాయి. నీది చూస్తే భయం వేసింది. "అన్నం తింటున్నాను" అని నువ్వెప్పుడూ రాయవు. అడగొద్దన్నావు గనక అడగను. కానీ నువ్వు చెప్పేదాకా ఇలా రాస్తూనే ఉంటాను.

రాముడి భార్య తాతమ్మ మనింటికి వచ్చింది. పెద్దకర్మ అయిన మూడోనాడే. నూకయ్య, అసిరయ్య ఆమెకి సొంత తమ్ముళ్ళు. గుమ్మంలోనే నిలబడి అడిగింది:

"నువ్వేనా, గొట్టంలోంచి సూసినావంట?"

అవునన్నాను.

"మా ఆయన తాగేసి తెప్ప తిప్పేసినాడని ఊర్లో అంతన్నారు. మా తమ్ముళ్ళని అడిగితే నోరిప్పరు. అసిరిగాడు నన్ను సూస్తే లేసి ఎల్లిపోతాడు. నువ్వు సెప్పు. ఎలగ పోనాడు?"

అత్త ఆమెని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. నేను నోటితో చెప్పాను, తాడు సంగతి. ఆమె నమ్మలేదు. "నా మనసుకోసం సెప్తన్నావు" అంది. అప్పుడు కెమెరా తెచ్చాను. నీ ఉత్తరం కోసం ఆగాల్సిందేమో, ఆగలేకపోయాను. ఒక్కొక్కటీ చూపించాను. అల వచ్చిన దాని దగ్గర ఆపేశాను. "ముందుకెల్లు" అంది. వెళ్ళాను.

ఏడవలేదు. ఎత్తి తోసే ఫొటోని పెద్దది చేయమంది. భుజం మీద వేలు పెట్టి, "ఇది మా వోడి బుజమే. చిన్నప్పుడు తాడిసెట్టు మీంచి పడ్డాడు, అందుకే వంకర" అంది. చాలాసేపు ఆ భుజమే చూసింది. లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"పేపరోల్లకి ఇవ్వకు. మా అసిరికి సూపించకు, ఆడికి తెలుసు, అందుకే నా మొకం సూడలేకపోతన్నాడు. ఆడితో నాను మాటాడతాను. ఊరికి కూడా నానే సెప్పుకుంటాను."

చెప్పిందట. మొన్న ఊరి మధ్య బోరింగు దగ్గర నిలబడి, తాగుబోతన్నవాళ్ళందరినీ పేరు పెట్టి పిలిచి మరీ చెప్పిందట. అసిరయ్య ఆ రోజు నుంచి అక్క ఇంట్లోనే అన్నం తింటున్నాడు.

ఇప్పుడు ఒడ్డున ఏ తెప్ప ఆలస్యమైనా ఆడవాళ్ళు నాకే ఫోను చేస్తున్నారు. "అమ్మా, ఆ గొట్టం అట్టుకుని ఒక్కసారి రా" అని. లెన్సు తిరిగి ఇచ్చేశానని ఎలా చెప్పను? రెండుసార్లు మళ్ళీ అద్దెకి తెచ్చి వెళ్ళాను. తెప్పలు క్షేమంగానే వచ్చాయి. అయినా రెండుసార్లూ ఆఖరి మనిషి ఒడ్డెక్కేదాకా దిబ్బ దిగలేదు. నువ్వు వద్దంటున్న పెద్ద లెన్సే కొనాలేమో. నాకు కావలసింది అది కాదు. కానీ కొనకుండా ఎలా ఉండను?

యమున

*

కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
ఫిబ్రవరి చివర

యమునా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. స్టవ్ గుడ్డివెలుతురులో చదువుతూ తాడు దగ్గర ఆగిపోయాను. బయటకి వెళ్ళి వచ్చి మిగతాది చదివాను.

నరేష్ లేడు.

జనవరి మొదటి వారంలో గస్తీకి వెళ్ళాడు. అయిదుగురు, ఒకే తాడు, వాడు చివర. నేను పోస్టులో స్కోపు మీద ఉన్నాను. దారి మలుపు తిరిగే చోట వాడికో అలవాటు. నేను చూస్తుంటానని తెలుసు కదా, అక్కడ ఆగి చేతికర్ర పైకెత్తి, మీసం తిప్పినట్టు చూపించి వెళ్తాడు. ఆ రోజూ ఎత్తాడు. మంచుకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నవ్వాడు కూడా. వాడి పైన కొండ అంచున మంచు కదిలింది. వైర్‌లెస్‌లో అరిచాను. నా మాట అందేలోపే మంచు అందుకుంది. వాడి దగ్గర తాడు తెగింది, ముందున్న నలుగురూ బయటపడ్డారు.

రిపోర్టులో మంచు జారిందని రాశాను. అంతే రాస్తాం. కింద క్యాంపుకి దిగినప్పుడు వాళ్ళమ్మ పద్మకుమారి గారి ఫోను కలిపారు. "బాబూ, మావోడు బయపడ్డాడేటి? ఎవరైనా సూసినారా?" అని అడిగింది. లైను సరిగా లేదమ్మా అని పక్కవాడి చేతికి ఇచ్చేశాను. అప్పట్నుంచీ స్కోపులో కన్ను పెడితే చాలు, మలుపు దగ్గర కర్ర లేస్తుంది. అందుకే పెద్దది కొనొద్దని రాశాను. ఇంక జీవితంలో దూరాన్ని దగ్గర చేసే గాజు వద్దనిపించింది.

నువ్వు తాతమ్మని కూర్చోబెట్టి చూపించావు. నేను ఒక్క మాట చెప్పలేక ఫోను ఇచ్చేశాను. ఇద్దరం చూసినవాళ్ళమే.

ఇప్పుడు పని సంగతి. సముద్రం మీద తెప్పలు వెతకడానికి కెమెరా లెన్సు దండగ. మంచి బైనాక్యులర్ చాలు, మెడలో వేసుకుంటే ఎవరైనా చూడొచ్చు. క్యాంటీన్లో ఒకటి తీసుకున్నాను, సెలవు మీద వస్తున్న విజయనగరం జవాను చేత పంపుతున్నాను. దాన్ని నీ దగ్గర పెట్టుకోకు. ఒడ్డున ఉండేవాళ్ళకే ఇచ్చేయి. ప్రతిసారీ నౌపడ నుంచి నువ్వు పరిగెత్తడం ఏమిటి? నువ్వు వెళ్ళేలోపు ఏమవుతుంది?

నీకు కావలసిన లెన్సు నువ్వు కొనుక్కో. ఇది ఆర్డరు కాదు.

త్రినాథ్

*

నౌపడ,
మార్చి

బావా,

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. మధ్యలో నేను ఆగితే, "ఆగకు, సదువు" అంది. అయ్యాక దేవుడి గదిలోకి వెళ్ళి నరేష్ పేరు అడిగి మరీ దీపం పెట్టింది. ఇంటిపేరు తెలియదని బాధపడింది.

బైనాక్యులర్ వచ్చింది. భావనపాడు తీసుకెళ్ళి తాతమ్మ చేతిలో పెట్టాను. మొదట తిరగేసి పట్టుకుని "ఇదేటి, సముద్రం పారిపోనాది!" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా. పగలు ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. నాకు ఫోన్లు ఆగిపోయాయి. ఆగిపోయాయని కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది, నిజం చెప్పాలంటే.

ముప్పై అయిదు కొన్నాను. అరచేతిలో పట్టేంత లెన్సు. మొదటి పని ఆమదాలవలసలో ఒక సీమంతం. చిన్న వంటగది, కిటికీ ఒకటే. ఆ పిల్ల చేతులకి గాజులు తొడుగుతుంటే నేను గోడకి వీపు ఆనించి తీశాను. ఒక్కటి కూడా మసక లేదు. కానీ బావా, తీస్తుంటే మునుపటిలా లేదు. ఇంత దగ్గరగా ఉన్న ప్రతి మొహమూ ఎప్పుడో ఒకప్పుడు దూరమవుతుందని తెలిసిపోయింది. తెలిసినా తీస్తున్నాను. ఊరికే కూర్చోలేకపోతున్నాను.

పద్మకుమారి గారికి ఏం చెప్పాలో నీకు నేను చెప్పను. తాతమ్మ నన్ను ఏమని అడిగిందో మాత్రం చెబుతాను. చూపించేశాక, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "నువ్వు నన్నెతుక్కుంటూ రాలేదేటే? నానే రావాలా?" అంది.

యమున

*

కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
మార్చి చివర

యమునా,

సెలవు మంజూరైంది. దారి తెరవగానే దిగుతాను.

ఈసారి టిక్కెట్టు నౌపడకి తీయలేదు, విజయనగరానికి తీశాను. అక్కడ దిగి గజపతినగరం బస్సెక్కుతాను. పద్మకుమారి గారికి ఫోను చేశాను. "నేను చూశానమ్మా, వచ్చి చెబుతాను" అన్నాను. "బోయనానికి రా బాబూ" అంది.

నువ్వు నాలుగు రోజులు ఆగితే నేనే నౌపడ వచ్చేస్తాను. కానీ ఆగకు. బండెక్కగానే ఫోను చేస్తాను, విజయనగరం స్టేషనుకి రా. ఆ ఇంటి గుమ్మంలో నాకు మాట ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలుసు, కర్ర ఎత్తిన దగ్గర. అక్కడ నువ్వు పక్కన ఉండాలి.

కెమెరా ఇంట్లో పెట్టి రా.

త్రినాథ్